కారులో బాపమ్మ పాట

మొన్న ఆదివారం పొద్దున మా చిన్నబ్బాయి కిందినుంచి వచ్చి, "డాడీ, కారులో స్టీరియో మళ్ళీ పోయింది. ఫ్యూజు కాలింది. పది ఆంపియర్లది ఉంది, ఇరవైది వేస్తే మళ్ళీ మళ్ళీ పోకుండా ఉంటుంది కదా?" అని అడిగాడు.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. వాడికది చాలా చిన్న ప్రశ్న. నాకు మాత్రం 1997 దసరా ప్రయాణం కళ్ళ ముందు కదిలింది. ఇన్నేళ్ళూ ఆ కథ వాడికి పూర్తిగా చెప్పలేదు. కథలో తప్పు నాది కాబట్టి చెప్పలేదేమో! ఆ రోజు కూర్చోబెట్టి చెప్పాను. మీకూ చెబుతాను. మనలో చాలామంది ఏడాదికొకసారి ఇంటిల్లిపాదీ బండెక్కి ఊరికి పోయేవాళ్ళమే. బండిలో పాట లేకపోతే మనకు దారి సాగదు కూడా.

మాది భివండీ, పద్మనగర్. మా బాపు పుట్టింది సిరిసిల్ల పక్క పల్లెలో. అప్పుడది కరీంనగర్ జిల్లా, 2016 నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లా. చేతిమగ్గం మీద పూట గడవక 1960ల చివర్లో బొంబాయి బండెక్కి, అక్కడినుంచి భివండీ వచ్చి సాంచాల మీద కూలికి కుదిరాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. సిరిసిల్ల, షోలాపూర్, భివండీ, సూరత్. ఈ ఊళ్ళలో చుట్టాలున్న పద్మశాలి ఇళ్ళు చాలా ఉన్నాయి. మా అమ్మ పుట్టిల్లు షోలాపూర్.

కొత్తగా భివండీ వచ్చినవాళ్ళు ఈ చప్పుళ్ళో ఎట్లా నిద్రపోతారని అడుగుతారు. మాకేమో చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది. కరెంటు పోయినట్టు లెక్క. నాడె అటూ ఇటూ కొట్టుకునే ఆ టకటకల మధ్యనే మేం పుట్టాం, చదువుకున్నాం, పెళ్ళిళ్ళు చేసుకున్నాం.

కూలికి నేసిన బాపు మెల్లగా నాలుగు సాంచాలు కొన్నాడు. నాలుగు ఎనిమిదయ్యాయి. 1996లో ఒక పాత ప్రీమియర్ పద్మిని కారు కొన్నాడు. కుర్లాలో తయారైన కారు. పేరేదైనా జనం నోట మాత్రం అది ఫియట్టే. "పద్మశాలోళ్ళ ఇంటికి పద్మినే రావాలె మరి" అని షోలాపూర్ మామ నవ్వేవాడు.

ఆ కారులో స్టీరియో పెట్టించాలన్న పట్టుదల నాది. కారణం మా బాపమ్మ.

1989లో బతుకమ్మ పండుగకు పద్మనగర్ ఆడవాళ్ళంతా చుట్టూ చేరి ఆడుతుంటే బాపమ్మ మధ్యలో నిలబడి పాడింది. మా టూ ఇన్ వన్‌లో అరవై నిమిషాల క్యాసెట్ వేసి నేనే రికార్డు చేశాను. ఒక వైపంతా పాటలు. రెండో వైపు ఆమె ముచ్చట్లు. ఊళ్ళో ఎవరింటి పక్కన ఎవరిల్లు, ఏ బావి నీళ్ళు తియ్యన, ఎవరికి ఎవరు వరస అన్నీ చెప్పింది. ఆ తర్వాత మూడు నాలుగేళ్ళకే ఆమెకు ఆయాసం మొదలైంది. పాట ఎత్తుకుంటే రెండో చరణానికి ఊపిరి అందేది కాదు. చూపు కూడా మందగించింది. పాడే గొంతు ఇక ఆ క్యాసెట్‌లోనే మిగిలింది. దానికి రెండో కాపీ లేదు. చేయిస్తా చేయిస్తానంటూ నేనే రోజులు గడిపాను.

1997లో ఆమె ఒకటే కోరింది. "ఈసారి సద్దుల బతుకమ్మకు నన్ను ఊరికి తోల్కపోరా. మన చెరువు కట్ట మీద ఒక్కసారి కూసుంట."

బస్సులో ఆమెను తీసుకుపోలేం. కారులోనే పోదామని అనుకున్నాం. దారి పొడవునా ఆమె పాట ఆమెకే వినిపించాలని నేను లామింగ్టన్ రోడ్డుకు పోయి క్యాసెట్ స్టీరియో, రెండు స్పీకర్లు కొనుక్కొచ్చాను. కల్యాణ్ రోడ్డు మీద ఒక దుకాణంలో బిగించారు. ఒక్క పూటలో పని అయిపోయింది. ఇంటి ముందు కారు ఆపి పాట పెడితే వాడకట్టంతా చేరింది.

తంటాలు మర్నాటినుంచి మొదలయ్యాయి.

ముందు ఒక సన్నని కూత. కారు నడుస్తుంటే పాట వెనక "కుంయ్" మని వినిపించేది. తర్వాత ఎడమ స్పీకర్లో గరగర. రాత్రిపూట పాట సాగదీసినట్టు అయ్యేది. ఆఖరికి, పాడుతూ పాడుతూ ఒక్కసారి గప్‌చుప్. చూస్తే వైరు మధ్యలో నల్ల డబ్బీలో ఉండే గాజు ఫ్యూజు కాలిపోయి ఉండేది. కొత్తది వేస్తే రెండు రోజులు నడిచేది. మళ్ళీ అదే కథ.

వీటిలో రెండింటి గుట్టు కనిపెట్టింది మా బాపమ్మ. కళ్ళు సరిగా కనబడని మనిషి, చెవులతోనే లోకాన్ని చూసేది. వెనక సీట్లో కూచుని ఒకనాడు, "ఒరే, ఆ కూత పాటల లేదురా, బండిల ఉన్నది. నువ్వు బండి ఉరికిస్తే అది లేస్తున్నది, నిలవెడితే పండుకుంటున్నది" అంది. ఇంకోనాడు, "నువ్వు ముందట లైట్లు ఎయ్యంగనే నా గొంతు సాగుతున్నది. ఎవరో నా మెడల కొంగు పట్టి గుంజినట్టు" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. అవి రెండూ మెకానిక్కుకు చెప్పవలసిన అసలైన మాటలని అప్పుడు నాకు తెలియదు. ఏ మరమ్మతుకైనా మొదటి పని అదేనని తర్వాత నేర్చుకున్నాను. ఏది చెడిందని కాదు, ఎప్పుడు చెడుతున్నదో చూడాలి. బండి నిలిచినప్పుడా, నడిచినప్పుడా? లైట్లు వేస్తేనా, గుంతలో పడితేనా?

ప్రయాణం ముందురోజు సాయంత్రం ఫ్యూజు మళ్ళీ పోయింది. నా దగ్గరున్నవన్నీ అయిపోయాయి. దుకాణానికి పోయాను. బిగించినాయన లేడు, పని నేర్చుకునే కుర్రాడున్నాడు. "రేపు తెల్లవారుజామున బయలుదేరాలి. ఇప్పటికి నడిచేట్టు చెయ్యి చాలు" అన్నాను. వాడు అటూ ఇటూ చూసి, నేలమీద పడున్న సిగరెట్ పెట్టెలోంచి వెండికాగితం తీశాడు. కాలిన ఫ్యూజు చుట్టూ దాన్ని గట్టిగా చుట్టి డబ్బీలో నొక్కాడు. పాట వచ్చింది.

"ఇక పోదు సేఠ్" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. వెండికాగితం పోదు. పోవలసి వస్తే మిగతావన్నీ పోతాయి.

నాకు తెలియక కాదు. అందుకే ఈ కథ ఇన్నాళ్ళూ చెప్పలేదు. మా బాపు ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా ముడతలు పడ్డ కాలిన మచ్చ. చిన్నప్పటినుంచి దాన్ని తడుముతూ ఆ కథ వింటూ పెరిగినవాణ్ణి.

1974లో బాపు ఇంకా కూలి మనిషే. సాంచాకు మూడు ఫేజుల మోటారు, గోడకు పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు. మోటారు బరువైతే ఫ్యూజు తీగ కాలుతుంది, సాంచా ఆగుతుంది. సాంచా ఆగితే గుడ్డ ఆగుతుంది. కూలి గుడ్డ కొలత మీద కదా! పన్నెండు గంటల పాళీలో పదిసార్లు ఫ్యూజు కట్టుకుంటూ కూచుంటే ఇంటికి ఏం పంపుతారు? అందుకని ఎవరో ఒకరు సన్న తీగ తీసి మందపు రాగితీగ కట్టేవారు. సేఠూ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఒక రాత్రి ఒక మోటారు పట్టేసింది. తీగ కాలలేదు. మోటారు కాలింది, వైర్లు కాలాయి. కారఖానాలో గోడలకు, దూలాలకు, మనుషుల కనురెప్పలకు కూడా నూలు నుసి పట్టి ఉంటుంది. అది అంటుకుంది. ఆరు సాంచాలు బూడిదయ్యాయి. పైన అటక మీద పడుకున్న కూలీలను లేపి దింపుతూ బాపు చెయ్యి కాల్చుకున్నాడు. మనుషులు బతికారు. వాళ్ళ మూటలు, ఊరికి పంపడానికి దాచుకున్న రూపాయలు కాలిపోయాయి.

ఇంత తెలిసిన కొడుకును, వెండికాగితం చుట్టిన ఫ్యూజుతో కారు ఇంటికి తోలుకొచ్చి, బాపుకు ఒక్క ముక్క చెప్పకుండా పడుకున్నాను.

తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాం. నేను స్టీరింగ్ ముందు. పక్కన బాపు, ఆయన ఒళ్ళో మా పెద్దవాడు. వెనక అమ్మ, మా ఆవిడ, బాపమ్మ. బాపమ్మ ఒళ్ళో రెండేళ్ళ చిన్నోడు. ఇరవై ఆంపియర్ల ఫ్యూజు వేద్దామని మొన్న అడిగినవాడే. కల్యాణ్, పన్వేల్ దాటి, బోర్‌ఘాట్ ఎక్కి పుణే చేరాం. అప్పటికి ఎక్స్‌ప్రెస్‌వే ఇంకా లేదు. పుణే నుంచి షోలాపూర్ రోడ్డు పట్టాం. బాపమ్మ పాట నడుస్తూనే ఉంది. క్యాసెట్ రెండో వైపు తిరిగింది. ఊళ్ళో ఇళ్ళ వరస చెబుతున్న తన గొంతుకు ఆమె తనే "ఊఁ" కొడుతున్నది.

భిగ్వణ్ దాటి, ఉజనీ నీళ్ళు కనబడి మాయమైన తర్వాత ఇందాపూర్ దగ్గర కారు ఒక గుంతలో దబ్బున దిగింది. పాట ఆగిపోయింది. ముందు ముక్కుకు తగిలింది, కాలిన ప్లాస్టిక్ వాసన. తర్వాత డ్యాష్‌బోర్డు కిందినుంచి తెల్లని పొగ.

కారు పక్కకు తీసి తాళం తిప్పేశాను. ఇంజన్ ఆగింది, పొగ ఆగలేదు. వెనక ఎడమ తలుపు లోపలినుంచి తెరుచుకోదు. చాలా రోజులుగా అట్లాగే ఉంది, చేయిద్దాం చేయిద్దామనుకుంటూనే ఉన్నాం. నేను దిగి చుట్టూ పరుగెత్తి బయటినుంచి తీసి చిన్నోణ్ణి, బాపమ్మను దింపాను. ఆమెకేం కనబడదు. "ఏమైందిరా? ఏం కాలుతున్నదిరా?" అంటూ గాలిలో చేతులు చాచింది. ఈలోపు బాపు పెద్దవాణ్ణి అమ్మకు అందించి, బానెట్ ఎత్తి, కండువా చేతికి చుట్టుకుని బ్యాటరీ టెర్మినల్ పట్టి గుంజాడు. అది వదులుగానే ఉంది, ఊడి వచ్చేసింది. పొగ మెల్లగా తగ్గింది.

ఆ టెర్మినల్ సరిగ్గా బిగించి ఉంటే పానా వెతికే లోపల ఏమయ్యేదో! ఆ రోజు ఒక తప్పు మమ్మల్ని చంపబోతే ఇంకో తప్పు కాపాడింది. అట్లాంటి అదృష్టాన్ని నమ్ముకుని బండి నడపకూడదు కదా!

బాపు డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి, కరిగి ముద్దైన వైరు కోసి, డబ్బీ విప్పాడు. వెండికాగితం చుట్టిన ఫ్యూజు అరచేతిలో పడింది. కాగితం చెక్కుచెదరలేదు. దాన్ని ఎండకు పట్టుకుని చూశాడు.

"నీకు ఎరికేనా?" అన్నాడు.

"ఎరికే బాపూ" అన్నాను.

ఆయన తిట్టలేదు. ఆ ఫ్యూజును చొక్కా జేబులో వేసుకున్నాడు. షోలాపూర్ చేరేదాకా మాట్లాడలేదు. తిడితే బాగుండేదని నూరు కిలోమీటర్లకు పైగా అనుకుంటూ నడిపాను. లైట్లు కూడా పోయాయి కాబట్టి పొద్దుగూకక ముందే చేరాలి.

మా చిన్న మేనమామది షోలాపూర్లో మోటారు వైండింగ్ దుకాణం. కథంతా విని, "అల్లుడా, కాళ్ళు కడుక్కుని బువ్వ తిను. రాత్రి మనిద్దరికీ పని ఉన్నది" అన్నాడు. బాపు కూడా మంచం తెచ్చుకుని కారు పక్కనే కూచున్నాడు. ఆ రాత్రి నేను నేర్చుకున్నది ఇంతవరకూ అక్కరకొస్తున్నది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

కాలిన వైరు మొత్తం తీసేసి, లైట్ల వైరింగ్ బాగుచేసి, స్టీరియోకు తాత్కాలికంగా కొత్త వైరు అదే దారిలో వేశాడు మామ. తర్వాత ఫ్యూజు ఉండవలసిన చోట ఫ్యూజు పెట్టలేదు. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కలిపి అక్కడ తగిలించాడు. కారఖానాల్లో వాడే సీరీస్ బల్బు లాంటిదే.

"గిప్పుడు షార్టయినా బల్బు వెలుగుతది గానీ వైరు కాలది. పన్నెండు వోల్టుల మీద ఈ బల్బు రెండు ఆంపియర్ల కన్నా ఎక్కువ పోనియ్యది" అన్నాడు. స్టీరియో ప్లగ్గు పీకేశాడు. స్టీరియోయే లేనప్పుడు బల్బు వెలగకూడదు. వెలిగిందంటే దారిలో ఎక్కడో కరెంటు కారు రేకులోకి దిగుతున్నట్టు.

బల్బు వెలగలేదు. "దొరకలేదు మామా" అన్నాను. ఇంతసేపూ మాట్లాడని బాపు అప్పుడు లేచాడు. "పోగు తెగితే పడుగంతా కెలుకుతమా? ఒక కొసకెల్లి పట్టుకుని రావాలె" అన్నాడు. బ్యాటరీ కొసనుంచి వైరు పట్టుకుని జానెడు జానెడుగా కదుపుతూ వచ్చాడు. గ్లవ్ బాక్సు వెనక చెయ్యి పోగానే బల్బు చటుక్కున వెలిగి ఆరింది. అక్కడ రేకు అంచు కత్తిలా ఉంది. వైరు దానిమీదుగా బిగుతుగా పోతున్నది. గుంత వచ్చినప్పుడల్లా రాసుకుని, రాసుకుని పాత వైరు తోలు తెగింది. కొత్త వైరు మీద కూడా అప్పుడే గీత పడింది. ఫ్యూజు అన్నిసార్లు కాలింది ఇందుకే. కాలిన ప్రతిసారీ అది మాకు ఈ చోటు సంగతే చెబుతున్నది. మేం దాని నోరు మూయించాం.

మామ ఆ దారి మార్చాడు. రేకులోంచి పోవలసిన చోట రబ్బరు బుష్ వేశాడు. దుకాణంవాళ్ళు స్టీరియోకు కరెంటు లైట్ల లైనునుంచి తీసుకున్నారు. తాళం తీసినా ఆ లైన్లో కరెంటు ఉంటుంది. పొగ ఆగకపోవడానికి కారణం అదే. లైట్లు వేయగానే బాపమ్మ గొంతు సాగడానికి కూడా సగం కారణం అదే. ఒకే సన్నని వైరుమీద రెండు బరువులు పడితే వోల్టేజి పడిపోతుంది. బ్యాటరీ నుంచి వేరే వైరు లాగి, బ్యాటరీకి అడుగున్నర దూరం లోపలే ఫ్యూజు డబ్బీ పెట్టాడు. "ఫ్యూజు టేపును కాపాడటానికి అనుకుంటరు అందరు. అది వైరును కాపాడతది. అందుకే బ్యాటరీ కాడ ఉండాలె. టేపు కాడ పెడితే నడుమ వైరుకు దిక్కెవరు?" అన్నాడు. ఐదు ఆంపియర్ల గాజు ఫ్యూజు వేశాడు, స్టీరియో మీద రాసి ఉన్నదే. ఒక్క ఆంపియర్ కూడా ఎక్కువ కాదు.

తర్వాత కూత సంగతి. బండి వేగంతో పాటు కూత లేస్తుందని బాపమ్మ చెప్పిన మాట నేను చెప్పగానే మామ తల ఊపాడు. ఆల్టర్నేటర్ కూత అది. టకటకమని వినబడితే స్పార్క్ ప్లగ్గుల వైపు చూడాలి, కుంయ్‌మంటే ఆల్టర్నేటర్ వైపు. కానీ చాలాసార్లు తప్పు ఆల్టర్నేటర్‌లో ఉండదు, ఎర్తులో ఉంటుంది. స్టీరియో నల్ల వైరును దుకాణంవాళ్ళు రంగు వేసిన రేకు మీదనే స్క్రూ బిగించి వదిలేశారు. రంగు మీద కరెంటు సరిగా నడవదు. మామ ఇంజన్ ఆన్ చేసి, పాట పెట్టి, మీటరు ఒక పుల్ల నల్ల వైరుకు, ఇంకోటి బ్యాటరీ నెగటివ్‌కు ఆనించాడు. ఒక వోల్టు దాటి చూపించింది. రంగు గీకి రేకు తళతళలాడేట్టు చేసి, వైరుకు లగ్గు వేసి బిగించాడు. ముల్లు దాదాపు సున్నా మీద వాలింది. బ్యాటరీ టెర్మినల్స్ మీది తెల్లబూజు వేడినీళ్ళతో కడిగి, ఆరాక బిగించాడు. కూత పోయింది.

ఎడమ స్పీకర్ గరగరకు కారణం ఇంకోటి. పాత పద్ధతిలో స్పీకర్ వైర్లలో ఒకదాన్ని కారు రేకుకే కలిపేశారు. అప్పుడప్పుడే వస్తున్న ఎక్కువ పవరున్న స్టీరియోలకు అది పనికిరాదు. ఒక్కో స్పీకర్‌కు రెండు వైర్లూ స్టీరియో దాకా రావాలి, రేకును తాకకూడదు. తాకితే లోపలి ఐసీ కాలుతుంది. స్పీకర్ బాగుందో లేదో చూడటానికి ఒక మామూలు టార్చి సెల్లు చాలు. రెండు వైర్లూ సెల్లుకు ఒక్క క్షణం తగిలిస్తే "టక్" మనాలి. మాది టక్ మంది.

అన్నీ ముగిసేసరికి రాత్రి రెండు దాటింది. మామ క్యాసెట్ పెట్టబోతే బాపు ఆపాడు. "ఆమెను లేవనియ్యి. ఆమెదే కదా" అన్నాడు.

తెల్లవారి చాయ్ తాగాక బాపమ్మను ముందు సీట్లో కూచోబెట్టాం. ఇంజన్ ఆన్ చేశాం. లైట్లు వేశాం. పాట పెట్టాం. ఆమె తల వంచి చాలాసేపు విన్నది. మేమంతా పరీక్షా ఫలితం కోసం నిలబడ్డట్టు నిలబడ్డాం.

"గిప్పుడు మంచిగున్నది" అంది. కాసేపాగి, "అబ్బ, గప్పుడు ఎంత మంచిగ పాడిన్నురా!" అని నవ్వింది. కళ్ళు తుడుచుకుంది.

జహీరాబాద్, హైదరాబాదు, సిద్దిపేట మీదుగా ఊరు చేరాం. సద్దుల బతుకమ్మ నాడు చెరువు కట్ట మీద పీట వేసి కూచోబెడితే చుట్టూ ఆడవాళ్ళు ఆడుతున్నంతసేపూ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. గొంతు బయటికి రాలేదు. చేతులు మాత్రం తాళం తప్పలేదు.

భివండీ తిరిగొచ్చిన మర్నాడు బాపు ఒక స్టూలు వేసుకుని మా కారఖానాలో కిట్‌క్యాట్‌లన్నీ ఒక్కొక్కటే ఊడదీశాడు. నేను కింద నిలబడి అందుకుంటున్నాను. ఐదోదాంట్లో మందపు రాగితీగ ఉంది. ఎవరు కట్టారని ఆయన అడగలేదు. నా వైపు చూడలేదు. పండుగ ముందు ఆర్డరు తొందరలో మూడు రాత్రులు కారఖానాలో ఉన్నది ఆయనొక్కడే. ఆ తీగ విప్పి, చొక్కా జేబులోంచి వెండికాగితం ఫ్యూజు తీసి రెండూ కలిపి చెత్తబుట్టలో వేశాడు. "సన్న తీగ ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. దాని గురించి మేమిద్దరం మళ్ళీ ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత బాపు మీద నా గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు. మచ్చ ఉన్న చేతికి కూడా మరుపు ఉంటుందని తెలిసింది, అంతే.

బాపమ్మ 2003లో పోయింది. అంతకు ముందే ఆ క్యాసెట్‌కు కాపీలు తీయించాను. తర్వాత సీడీ చేయించాం. ఇప్పుడది మా ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంది. మీ ఇంట్లో కూడా అట్లాంటి క్యాసెట్ ఏ డబ్బాలోనైనా ఉంటే ఈ వారమే కాపీ చేయించండి. టేపు ముసలిదవుతుంది.

ఇక మొన్నటి సంగతి. చిన్నోడితో పాటు కిందికి దిగాను. ఇప్పటి కార్లు ఫియట్లు కావు. ఎయిర్‌బ్యాగులు, కంప్యూటర్లు ఉంటాయి. డ్యాష్‌బోర్డు కింద పసుపుపచ్చ కనెక్టర్లు, పసుపు తొడుగు వైర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగువి. ముట్టుకోకూడదు. ఎక్కడబడితే అక్కడ టెస్ట్ బల్బు గుచ్చితే వెయ్యి రూపాయల పని లక్షలోకి పోతుంది. మీటరు వాడాలి, తెలియకపోతే తెలిసినవాళ్ళను పిలవాలి. కానీ మూల సూత్రాలు మారలేదు. బయట కొనే స్టీరియోకు సాధారణంగా పసుపు వైరు ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపు తాళం తిప్పితే వచ్చే కరెంటు, నలుపు ఎర్తు. ఫ్యూజుల రంగులకూ అర్థం ఉంది. ఎరుపు పది, నీలం పదిహేను, పసుపు ఇరవై ఆంపియర్లు. ఎరుపు ఉన్నచోట ఎరుపే వేయాలి.

"ఎప్పుడు పోతున్నదిరా?" అని అడిగాను. వాడు ఆలోచించి, "పాప ముందు సీట్లో కూచున్న రోజే పోతున్నది" అన్నాడు. కారు మాన్యువల్ తీసి చూస్తే స్టీరియోకు, ఛార్జరు పెట్టే సాకెట్టుకు ఒకటే ఫ్యూజు. బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, టార్చి వేసి సాకెట్టులోకి చూశాం. అడుగున ఒక రూపాయి బిళ్ళ పడుంది. బండి కుదిపినప్పుడల్లా పక్కకు ఒరిగి రెండు కొసలనూ కలుపుతున్నది. ప్లాస్టిక్ పటకారుతో తీసి, పది ఆంపియర్ల ఫ్యూజే వేశాం.

చిన్నోడు ఫోన్ కలిపి పాట పెట్టాడు. వాడు సినిమా పాట పెడతాడనుకున్నాను. బాపమ్మ గొంతు వచ్చింది. వెనక సీట్లోకి పోయి తలుపేసుకున్నాను. లోపలినుంచి తెరుచుకుంటున్నదో లేదో ఒకసారి చూసుకుని మరీ కూచున్నాను.